ఇంటినుండి శాసనసభ

ప్రజలెన్నుకొన్న శాసనసభ్యులు రాజధానికి రాకయే, తమతమ జిల్లాలలోనే యుండి, యంత్రముల సాయముతో సభలో మాటలాడవచ్చుననియు, వోటు వేయవచ్చుననియు ఒక వాదము కొన్ని సంవత్సరములనుండి లోకమున ప్రచారములో నున్నది. 2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి దేశదేశముల సభామందిరముల తలుపులు మూయించినప్పుడు అవసరమునకు పుట్టిన ఉపాయమిది. మహమ్మారి తొలగినది, ఉపాయము మాత్రము తొలగలేదు. కొన్ని దేశములు దానిని నిలుపుకొన్నవి. కొన్ని విడిచిపెట్టినవి. మన దేశము దానిని స్వీకరింపనే లేదు. "మనకు మాత్రమేల కూడదు?" అని పఠనమందిరములలోను, రైలుపెట్టెలలోను మిత్రులు పలువురు అడుగుచున్నారు. ఇది పరిహాసముతో త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అడుగువారు ప్రజాస్వామ్యమునకు శత్రువులును కారు. కావున దానిని గుఱించి మా అభిప్రాయమును దాపరికము లేక వ్రాయుచున్నాము.

ఎదుటివాదమును దాని పూర్తిబలముతోనే చెప్పుట న్యాయము. ఇచ్ఛాపురమునుండి వెలగపూడికి అయిదువందల కిలోమీటరులకు పైబడిన దూరము. పాడేరు కొండలనుండి వచ్చు గిరిజన ప్రతినిధికి ఆ దూరమునకు తోడు ఘాట్ రోడ్డు. తెలుగు సభ్యులకు ఈ ప్రయాస కొత్తది కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించువఱకు మదరాసునకు, అటుపై మూడేండ్లు కర్నూలునకు, 1956 నుండి హైదరాబాదునకు, 2017 మార్చి నుండి కృష్ణాతీరమున వెలగపూడికి వారు పోవుచునే యున్నారు. రాజధాని కదలినప్పుడెల్ల కొందఱికి దూరము తగ్గినది, కొందఱికి పెరిగినది. సభ జరుగుచుండగా ఊరిలో తుపాను వచ్చినను, కాలువకు గండి పడినను, సభ్యుడు ఊర లేడు. గుమ్మమునకు వచ్చినవారికి "అయ్యగారు అసెంబ్లీకి వెళ్లినారండి" అను సమాధానమే దొరకును. అట్లు గాక, ఆయన ఊరనే యుండి, ప్రాతఃకాలమున జనుల మొర విని, పది గంటలకు తెర ముందు కూర్చుండి ఆ మొరనే సభలో వినిపించినచో నెంత బాగని అడుగుచున్నారు. ప్రయాణపు బత్తెములు మిగులును. వసతిగృహముల వ్యయము మిగులును. పసిబిడ్డల తల్లులకు, రోగపీడితులకు, వికలాంగులకు సభాద్వారము తెఱవబడును. ఇవన్నియు సత్యములే.

న్యాయస్థానముల దృష్టాంతమును కూడ చూపుచున్నారు. మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక దీనికి బదులు చెప్పు బాధ్యత మాపై నున్నది. 2020 తరువాత హైకోర్టులలో వీడియో ద్వారా వాదనలు సామాన్యమైనవి. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనముల విచారణలను 2022 సెప్టెంబరు 27 నుండి జనులు ఇంటనుండి చూడగలుగుచున్నారు. వాయిదా కోరుటకును, శాసనసూత్రముపై వాదము చెప్పుటకును తెర చక్కగా నుపయోగించును. ఒక్క చిన్న పిటిషనుకై రాత్రి రైలెక్కి పోవు శ్రమ తప్పినందుకు మేమును సంతసించినవారమే. కాని సాక్షిని క్రాసు ఎగ్జామినేషను చేయునప్పుడు కథ వేఱు. సాక్షి కన్ను కెమెరాను దాటి ఎవరి వంకకు పోవుచున్నదో మనకు తెలియదు. గోడ ప్రక్క నిలిచి ఎవరు తల యూచుచున్నారో తెలియదు. న్యాయస్థానమున సాక్షిని బోనెక్కించుట వాని ముఖము చూచుటకు మాత్రమే కాదు. వానికి జవాబులందించువారినుండి వానిని కొంతసేపు వేఱు చేయుటకు కూడ. ఈ మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. శాసనసభ్యుని విషయమున దీనితోనే మాకు పని గలదు.

ఇక శాసనము మాట. రాజ్యాంగములోని 100వ అధికరణము పార్లమెంటునందును, 189వ అధికరణము రాష్ట్రసభలయందును, "హాజరై వోటు చేయు" సభ్యుల అధికసంఖ్యను బట్టియే ప్రశ్నలు తేలవలెనని విధించుచున్నవి. పదియవ వంతు సభ్యులైనను లేనిదే పార్లమెంటు సభలకు కోరము లేదు. "హాజరు" అనగా దేహముతో హాజరని అర్థమా, లేక చూపుతోను పలుకుతోను హాజరైనను చాలునా? 2003లో ప్రఫుల్ల దేశాయి కేసున సుప్రీంకోర్టు, సాక్షి యెక్కడనో యుండి వీడియో ద్వారా చెప్పు సాక్ష్యము ముద్దాయి సమక్షమున చెప్పినట్లే యని తీర్పు చెప్పినది. ఆ తీర్పును పట్టుకొని, శాసనసభలో కూడ తెరపై హాజరే హాజరని వాదించుటకు గట్టి న్యాయవాది యొకడు చాలును. పైగా తమ కార్యక్రమమునకు తాము నియమములు చేసికొను అధికారము సభలకు రాజ్యాంగమే యిచ్చినది. కాబట్టి రాజ్యాంగమను అడ్డుగోడ చాటున మేము దాగబోము. వ్యాఖ్యానము దొరకనిచోట సవరణము చేయవచ్చును. చేయదగునా యనునదే విచార్యము.

అన్యదేశముల అనుభవమును చూతము. కెనడా దేశమున 2020లో ఏర్పాటైన మిశ్రమపద్ధతిని 2023 జూనులో కామన్సు సభ తన నియమావళిలో స్థిరపఱచుకొన్నది. కొందఱు సభలో కూర్చుందురు, కొందఱు తెరపై కనబడుదురు, వోటు సెల్‌ఫోనులోని యాప్ ద్వారా పడును. ప్రతిపక్షములలో పెద్దవి దీనిని ఎదిరించినవి. అధికారపక్షము తన మిత్రులతో కలిసి నెగ్గించుకొన్నది. ఆ దేశమునకు ఇందులకు కారణము లేకపోలేదు. ఉత్తరధ్రువము దరిని నూనవుట్ అను ప్రాంతమంతయు ఒకే నియోజకవర్గము. దాని వైశాల్యము ఇరువది లక్షల చదరపు కిలోమీటరుల చేరువ. మన ఆంధ్రప్రదేశము వంటివి సుమారు పండ్రెండు అందిముడును. అంతటి నేలకు ఒక్క సభ్యుడు. అట్టివాని కష్టముముందు మన ఇచ్ఛాపురపు ప్రయాణమును కష్టమనుటకు నోరు రాదు. (ఈ పద్ధతి ఆరంభదినములలో, 2021 ఏప్రిలులో, తన కెమెరా తెఱచియున్న సంగతి యెఱుగక ఒక కెనడా సభ్యుడు దిగంబరుడై సభ్యులందఱకు దర్శనమిచ్చెను. సభామర్యాదలను గుఱించి గ్రంథములు వ్రాసినవారు ఈ విషయమును ఊహించియుండరు.)

ఇంగ్లండులో 2020 ఏప్రిలునుండి కామన్సు సభ సగము తెరపైనను సగము భవనమునను నడచినది. మే నెలలో ఇంటినుండి వోటు వేయుట కూడ జరిగినది. వోటు మాత్రము కొలది వారములకే ఆగిపోయినది. జూను 2న సభ్యులు దూరదూరముగా నిలిచి బారులు తీరి పోయి వోటు వేయవలసివచ్చినప్పుడు, ఆ బారు సభామందిరము దాటి వెస్ట్‌మినిస్టరు హాలంతయు చుట్టివచ్చినది. వయోవృద్ధులును రోగులును ఇంట చిక్కి తమ నియోజకవర్గముల వోటు పోయెనే యని మొరపెట్టిరి. వారికి ప్రాక్సీ యేర్పాటు చేసిరి. 2021 జూలైతో ఆ మిశ్రమసభ ముగిసినది. ప్రభువుల సభలో 1868 వఱకు ప్రాక్సీ వోటు చెల్లుచుండెడిది. వేటకుక్కలతో వినోదించు ప్రభువు వోటును మఱియొక ప్రభువు వేసెడివాడు. అది ప్రజాప్రతినిధిత్వమునకు తగదని ప్రభువులే మానుకొన్నారు. ప్రభువులు మానుకొన్నదానిని ప్రజలు చేపట్టుటకు ముందు కొంత ఆలోచింపవలదా?

అమెరికా ప్రతినిధిసభ 2020 మే 15న 217 వోట్లకు 189 తో ప్రాక్సీ వోటును అంగీకరించినది. ఒక సభ్యుడు పదిమంది వోట్లను వెంట తెచ్చికొనవచ్చును. ప్రజారోగ్యవిపత్తుచే రాలేకపోవుచున్నానని సభ్యుడు వ్రాసి యీయవలెను. ఏమి జరిగినది? ఆ మాట వ్రాసి యిచ్చిన సభ్యులలో కొందఱు అదే దినములలో వేఱొక ఊర రాజకీయసభల వేదికలపై నిలిచి ఉపన్యసించుచు కనబడిరి. ప్రాక్సీని నిందించి కోర్టునకెక్కిన పక్షమువారును ఆ పని చేసిరి. 2023 జనవరిలో సభాధిక్యము మాఱగానే ఆ నియమము పోయినది. రోగికై తెఱచిన తలుపునుండి ఆరోగ్యవంతులు ముందుగ దూరుట లోకసహజమని అమెరికా మనకు చూపినది.

అయినను ఆ దేశముననే ఈ కథకు రెండవ ముఖము కూడ గలదు. కొలరాడో రాష్ట్రమునుండి వచ్చిన బ్రిటనీ పీటర్సన్ అను సభ్యురాలు 2025 జనవరిలో ప్రసవించి, ఫిబ్రవరిలో బడ్జెటు తీర్మానమునకు వోటు వేయుటకై నెలబిడ్డను చంకనిడుకొని విమానమెక్కి రావలసివచ్చినది. క్రొత్తగా తల్లిదండ్రులైన సభ్యులకైనను ప్రాక్సీ యీయవలెనని ఫ్లారిడా సభ్యురాలు అన్నా పౌలినా లూనా 218 మంది సంతకములు సంపాదించినను, తుదకు స్పీకరుతో రాజీ కుదిరి ఆ ప్రతిపాదన ఆగిపోయినది. రాలేనివారికి జోడుగా ఎదుటిపక్షమున నొకరు వోటు మానుకొను "పెయిరింగు" అను పాత ఆచారమే దిక్కైనది. ఆ ఆచారమెంత నమ్మదగినదో ఇంగ్లండువా రెఱుగుదురు. 2018 జూలైలో బాలెంతరాలైన జో స్విన్సన్ అను సభ్యురాలికి జోడుగా నుండి వోటు మానవలసిన అధికారపక్షపు పెద్ద, సంకటసమయమున వోటు వేసెను. పొరపాటని తరువాత చెప్పిరి. 2019 జనవరి 15న తులిప్ సిద్దిఖ్ అను సభ్యురాలు పెయిరింగును నమ్మజాలక, తన ప్రసవపు శస్త్రచికిత్సను వాయిదా వేయించుకొని, చక్రముల కుర్చీలో సభకు వచ్చి వోటు వేసెను. ఆ దృశ్యము చూచి సిగ్గుపడిన కామన్సు సభ ఆ నెలలోనే తల్లిదండ్రులైన సభ్యులకు ప్రాక్సీ నొసగినది. 2023లో స్త్రీలకు చట్టసభలలో మూడవవంతు స్థానములు కేటాయించుచు నూటయాఱవ సవరణము చేసికొన్న మన దేశము, అంతమంది స్త్రీలు వచ్చి కూర్చుండబోవు సభలలో ప్రసవమను మాటకు నియమావళిలో చోటు కల్పింపవలదా? సెలవు నిచ్చుట చాలదు. సెలవు సభ్యురాలికి దొరకును. ఆమెను ఎన్నుకొన్నవారి వోటు మాత్రము పోవును.

స్పెయిను దేశమున జరిగినది మఱింత విచిత్రము. అక్కడ గర్భవతులకు, రోగులకు యంత్రముద్వారా వోటు వేయు సౌకర్యమును 2011లోనే కల్పించిరి. 2022 ఫిబ్రవరి 3న కార్మికశాసనముల సంస్కరణము సభ ముందుకు వచ్చినది. ప్రతిపక్షసభ్యు డొకడు అస్వస్థుడై ఇంటనుండి వోటు వేయుచు "కాదు" అనవలసినచోట "ఔను" అని నొక్కెను. యంత్రదోషమని మొరపెట్టుచు సభకు పరుగెత్తుకొని వచ్చెను. వోటు మార్చుట కంగీకరింపలేదు. ఫలితము 175కు 174. లక్షలాది శ్రామికుల ఒడంబడికలను మార్చిన శాసనము ఒక రోగి వ్రేలిమొనపై గట్టెక్కినది. ఆ శాసనము మంచిదో చెడ్డదో మాకనవసరము. సభలోనే కూర్చున్నచో ప్రక్కనున్న మిత్రుడు మోచేతితో పొడిచి హెచ్చరించియుండును. ఇంటిలో అట్టి మోచేయి లేదు.

ఇచ్చట కొందఱు, "యంత్రమును బాగు చేయవచ్చును గదా" యందురు. నిజమే. వ్రేలు జారకుండునట్లు చేయవచ్చును. ముఖమును పోల్చి చూచి వేఱొకడు నొక్కకుండునట్లు చేయవచ్చును. కాని మా భయము వ్రేలిని గుఱించినది కాదు. ఆ వ్రేలి వెనుక నిలుచువారిని గుఱించినది. దీనికి అన్యదేశముల కథలక్కరలేదు. తెలుగువారి చరిత్రయే చాలును.

1984 ఆగస్టు 16న అప్పటి గవర్నరు రామలాల్ సభను సంప్రదింపకయే నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వమును తొలగించి, నాదెండ్ల భాస్కరరావుగారిచే ప్రమాణము చేయించెను. రామారావుగారు అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకొని అప్పుడే తిరిగి వచ్చియుండిరి. ఆయన తన సభ్యులను ఢిల్లీకి కొనిపోయి రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగు ఎదుట నిలువబెట్టి లెక్క చూపెను. పిదప వారిని కర్ణాటకమునకు తరలించి, ఎవరును లోబఱచుకొనకుండ కాపాడవలసివచ్చినది. నెల దినములకు, సెప్టెంబరు 16న, ఆయన ప్రభుత్వము తిరిగి ప్రతిష్ఠింపబడినది. శాసనసభ్యులను విడిది గృహములలో నుంచు విద్య ఆనాడు ఆత్మరక్షణకై వాడబడినది. తరువాత దేశమంతట ఎట్లెట్లు వాడబడినదో పాఠకు లెఱుగుదురు. బస్సులలో నెక్కించుకొనిపోవుట, ఫోనులు లాగికొనుట, ద్వారమున కాపలా. 1994లో బొమ్మాయి కేసున సుప్రీంకోర్టు, ప్రభుత్వమునకు బలమున్నదో లేదో గవర్నరు గదిలో గాక సభాస్థలముననే తేలవలెనని చెప్పినది. ఆ "సభాస్థలము" అను మాటను పాఠకులు నిదానముగ చదువవలెను. విడిదిలో బంధింపబడిన సభ్యునికి తన కావలివారి చేయి దాటి కాలిడు అవకాశము ఒక్కచోటనే యున్నది. సభాద్వారమువఱకు బస్సు రాగలదు. ద్వారము లోపలకు బస్సు రాజాలదు. లోపల స్పీకరు కన్నున్నది, ఎదుటిపక్షమువారి కండ్లున్నవి, విలేఖరుల కండ్లున్నవి. అక్కడ లేచి నిలిచి తనకు తోచినట్లు పలుకు స్వాతంత్ర్యము, ఎంత స్వల్పమైనను, ఆ నాలుగు గోడలనడుమనే సభ్యునికి గలదు. ఇప్పుడు "ఎచటనుండి యైనను వోటు వేయవచ్చును" అని నియమము చేసినచో, ఆ విడిది గదిలోనే, కావలివాని భుజము ప్రక్కనే, సభ్యుడు ఫోను నొక్కును. కెమెరాకు సభ్యుని ముఖము కనబడును. కావలివాని ముఖము కనబడదు. గోడ ప్రక్క నిలిచి తల యూచువాడు ఇక్కడకు కూడ వచ్చినాడు.

బలపరీక్ష యేండ్లకొకసారి వచ్చునది, దినదినము జరుగు పని కేమి యందురేమో. దినదినము జరుగు పనికి విప్ ఉన్నది. 1985లో చేర్చబడిన పదియవ షెడ్యూలు వచ్చిన తరువాత, పార్టీ ఆజ్ఞను మీఱి వోటు వేసిన సభ్యుని స్థానమే పోవును. ఫిరాయింపులనాపుటకు అది యెంతవఱకు పనికివచ్చినదో తెలుగుదేశమున ఇరుప్రక్కలవారును చూచియున్నారు. సభ్యుని స్వబుద్ధిని కట్టివేయుటకు మాత్రము చక్కగా పనికివచ్చినది. వోటు స్వతంత్రము గానప్పుడు సభ్యునికి మిగిలినదేమి? మాట. సవరణముల ప్రతిపాదన. సభామధ్యమున మంత్రిని ఆపి "ఇది మా తాలూకాలో నిట్లు జరుగదండీ" అని చెప్పుట. విరామసమయమున కాఫీ బల్ల దగ్గఱ ఎదుటిపక్షపు సభ్యుని పట్టుకొని "ఈ ఒక్క క్లాజు మార్పించుటకు మీరు మాతో కలియుదురా" అని అడుగుట. ఈ రెండవ పని యే కార్యవివరములోను అచ్చుకాదు. శాసనములలోని మంచిలో సగము అక్కడ పుట్టును. తెరపై కాఫీ బల్ల లేదు. తన వంతు రాగానే వ్రాసి తెచ్చికొన్న ప్రసంగము చదివి, వంతు పోగానే తెర మూసికొని పోవు సభ్యుడు తన పార్టీ కార్యాలయమునకు వోట్ల లెక్కలో ఒక అంకె మాత్రమే యగును. అట్టి అంకెలు కావలెనన్నచో సభ్యులను ఎన్నుకొననక్కరయే లేదు. పార్టీల బలమును కాగితముపై కూడికొనవచ్చును.

మఱియొక మాట. సభ యంతయు తెరలో నున్నప్పుడు ఆ తెర యెవరి చేతిలో నుండును? 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో వచ్చినప్పుడు ప్రత్యక్షప్రసారము ఆగిపోయినది. కోట్లాది తెలుగువారు, రాష్ట్రము కోరినవారును కోరనివారును, నల్లని తెరలను చూచుచు కూర్చుండిరి. సాంకేతికలోపమని చెప్పిరి. బిల్లు మూజువాణి వోటుతో గడచినది. తెలంగాణ కోర్కె న్యాయమైనది. అది యెట్లయినను తీరవలసినదే యని తలచువారును, ఆ విధమున జరుగుట ఆ కోర్కెకు గౌరవము గాదని యొప్పుకొందురు. ఆనాడు తెర ఆగినను సభ్యులు సభలో నుండిరి గనుక, జరిగినది కండ్లార చూచి వెలుపలికి వచ్చి చెప్పువారుండిరి. సభ్యులును తెరకు ఈవలనే యున్నచో సాక్షులెవరు? 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులపై ప్రతిపక్షము డివిజను కోరగా, కోరినవారు తమ స్థానములలో లేరని మూజువాణితోనే బిల్లులను గడపిరి. తమ స్థానములలోనే యుంటిమని కొందఱు సభ్యులు వాదించిరి, దృశ్యములను చూపిరి. ఆ శాసనములు మఱుసటి సంవత్సరము నవంబరులో రద్దైనవి. సభలో నిలిచి కంఠమెత్తి అరచినవారికే వోట్ల లెక్క దొరకలేదు; ఒక మీట నొక్కి కంఠము నాపగల యేర్పాటులో దొరకునా? స్పీకరు నిష్పక్షపాతి యైనను ఈ అధికారము ఆయనకు భారమే. కానిచో చెప్పనే అక్కరలేదు.

అసలు మాకు తోచునదేమన, ఈ వాదము వేఱొక రోగమునకు మందు. మన సభలకు పట్టిన రోగము సభ్యులు దూరమున నుండుట కాదు, సభలు కూర్చుండకపోవుట. మొదటి లోక్‌సభ 1952 నుండి 1957 వఱకు 677 దినములు కూడినది. 2019లో ఏర్పడిన పదునేడవ లోక్‌సభ తన అయిదేండ్లలో కూడిన దినములు 274. మొదటి సభ్యులకు నేటివలె విమానములు విరివిగా లేవు. పొగబండ్లలో రెండుమూడు దినములు ప్రయాణము చేసి పోయెడివారు. పోవుట సులభమైనకొలది పని తగ్గినది. ఆంధ్రప్రదేశమున 2020 జూనులో బడ్జెటు సమావేశములు రెండు దినములలో ముగిసినవి. 2021లో మార్చిలో ఆర్డినెన్సుతో ఖర్చులకు దారి చేసికొని, మే 20న ఒక్కదినమున సభను కూర్చి బడ్జెటును గడపిరి. మహమ్మారి కారణమని చెప్పిరి, కొంతవఱకు నిజమే. కాని ఒక్కదినములో లక్షలకోట్ల పద్దులను ఇంటినుండి చూచినను అంతే, సభనుండి చూచినను అంతే.

బహిష్కారముల సంగతి యింకొకటి. 2017 నవంబరు నుండి 2019 ఎన్నికలవఱకు నాటి ప్రతిపక్షమైన వైఎస్సార్ కాంగ్రెసు సభకు రాలేదు. 2021 నవంబరు 19న తెలుగుదేశము నాయకుడు, ముఖ్యమంత్రిగానే తిరిగి వత్తునని ప్రతిన చేసి సభను వీడెను. 2024లో అట్లే వచ్చెను. ఆ యెన్నికలలో పదకొండు స్థానములు దొరికిన వైఎస్సార్ కాంగ్రెసు ప్రతిపక్షహోదా యీయలేదని సభకు దూరమయ్యెను. మాకు ఏ పక్షమును చుట్టము కాదు. ఎవరి అవమానములు వారివి. కొన్ని నిజమైనవి కూడ. 1920లో కాంగ్రెసు శాసనమండలులను బహిష్కరించినప్పుడు అది పరప్రభుత్వముతో సహాయనిరాకరణము. 1923లో చిత్తరంజన్ దాసు, మోతీలాల్ నెహ్రూ గారలు స్వరాజ్యపక్షమును స్థాపించి, లోపలికే పోయి పోరాడుదమనిరి. పరాయివాని సభలో కూడ ఒక్కొక్క పద్దును పట్టి నిలవేసిరి. మనము కట్టుకొన్న సభను మనమే వెలివేయుట యే నీతి? అనుమతి లేక అఱువది దినములు రాని సభ్యుని స్థానము ఖాళీ యని సభ ప్రకటింపవచ్చునని 190వ అధికరణము చెప్పుచున్నది. కాని సభ నాలుగు దినములకు పైబడి వాయిదాలో నున్న కాలము ఆ లెక్కకు రాదు. ఏడాదికి కొలది దినములే కూడు సభలో ఆ అఱువది దినములు పూర్తియగుటకు ఏండ్లు పట్టును! ఇట్టి స్థితిలో "ఇంటినుండి హాజరు" అను నియమము వచ్చినచో, ఫోను తెఱచి బల్లపై బెట్టి పెండ్లికి పోయినవాడును హాజరే యగును.

ఇంత చెప్పి, యంత్రమును మేము వెలివేయుచున్నామా? లేదు. దానికి తగిన పని యున్నది. 2020లో పార్లమెంటు స్థాయీసంఘముల అధ్యక్షులు కొందఱు వీడియో ద్వారా సమావేశము కావలెనని అడుగగా, సంఘముల సమావేశములు రహస్యములను నియమము పేర అనుమతి దొరకలేదు. ఆ నెలలలో వలసకూలీలు జాతీయరహదారులపై నడచి పోవుచుండగా ప్రజాప్రతినిధుల సంఘములు మౌనముగ నుండినవి. అది తప్పని మా నిశ్చితాభిప్రాయము. సంఘములలో వోటు ముఖ్యము గాదు, విచారణ ముఖ్యము. చీరాల నేతపనివాడు, ఉప్పాడ మత్స్యకారుడు, సిరిసిల్ల మరమగ్గపు కూలి, తమ జిల్లా కేంద్రమున కూర్చుండి ఢిల్లీలోనో రాజధానిలోనో నున్న సంఘమునకు తమ నోటితో సాక్ష్యము చెప్పగలుగుట యెంతటి మేలు! ఇంతవఱకు అట్టి సాక్ష్యము విమానపు టిక్కెట్టు కొనగలిగిన సంఘనాయకులదే. దూరమునుండి రావలసినది సభ్యుడు కాదు, ప్రజల మాట. తెరను ఆ వైపునకు త్రిప్పవలెను.

ప్రసవించిన సభ్యురాలికి, ఆసుపత్రిలో నున్న సభ్యునికి వోటు పోకుండ ప్రాక్సీ యుండవలెను. అది యాప్‌లో నొక్కుడుగా గాక, ఇంగ్లండు పద్ధతిని, ఎవరికి బదులు ఎవరు వేయుచున్నారో స్పీకరు ధ్రువీకరించి, పేర్లతో కార్యవివరమున అచ్చువేయించునదిగా నుండవలెను. వైద్యుని పత్రము స్పీకరు చేతికి రావలెను. ప్రభుత్వబలమును తేల్చు తీర్మానములకు ఈ ప్రాక్సీ చెల్లదని కూడ వ్రాయవలెను. ఆ దినమున రోగిని అంబులెన్సులో నైనను తేవచ్చును. ఇది కఠినమే. 1984ను చూచినవారు మాత్రము దీనికి అడ్డు చెప్పరు.

మహమ్మారి వంటి విపత్తునకు ముందుగనే నియమము వ్రాసి పెట్టుకొనవలెను. 2020లో బ్రెజిలు దేశపు సెనేటు మార్చి 20ననే దూరసమావేశము జరిపి విపత్తును ప్రకటించినది; మన పార్లమెంటు సెప్టెంబరు 14న గాని కూడలేదు, కూడియు ప్రశ్నోత్తరముల గంటను వదలుకొన్నది, శీతకాల సమావేశములను మానుకొన్నది. అట్టి కాలమున తెరపైనైనను సభ కూడుట సభ లేకపోవుటకంటె వేయిరెట్లు మేలు. ఎన్నాళ్లు, ఎవరి అనుమతితో, ఏ పనులకు అనునవి చల్లని సమయముననే నిర్ణయింపవలెను గాని, భయమున గాదు.

సభ్యుడు జనులమధ్య నుండవలెనను కోర్కెను మేము ఎవరికంటెను తక్కువగా కోరుట లేదు. కాని సభ కూడని దినములు ఏడాదిలో మూడువందలకు పైగానే యున్నవి గదా! ఆ దినములలో ఆయన యెచట నున్నాడు? సభకు రాబోవు బిల్లు నకలును మండలమునకొకటి చొప్పున మన పఠనమందిరములకు పంపి, ఒక సాయంకాలము వచ్చి చదివి వినిపించి, రైతులును, ఉపాధ్యాయులును, వర్తకులును చెప్పు ఆక్షేపణలను వ్రాసికొని పోవుటకు ఏ యంత్రమును, ఏ నియమమును అక్కరలేదు. ఈ యూరి పఠనమందిరము తలుపులు అట్టి సభ్యునికి ఏ పక్షమువాడైనను తెఱచియే యుండును.

రెండు తెలుగు రాష్ట్రముల స్పీకరులును, నియమావళి సంఘములును ఈ విషయమును చేపట్టుదురని ఆశించుచున్నాము. సంఘముల విచారణలను జిల్లాలకు విస్తరింపుడు. తల్లులకు, రోగులకు ప్రాక్సీ నియమమును వ్రాయుడు. బడ్జెటు పద్దులు ఒక్కొక్కటి చర్చకు వచ్చునన్ని దినములు సభను కూర్చుండబెట్టుడు. ఆ దినములు చాలక సభ్యులు అలసి మొరపెట్టినప్పుడు, ఇంటినుండి సభ సంగతి మరల మాటలాడుకొందము.